అమ్మకు ఆపిన బల్ల

పోయిన వానాకాలం చివర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం, రాయపూర్ మోవాలో ఉన్న మా ఇంటికి తెలుగు సంఘం పాస్టరుగారు వచ్చారు. కొత్తగా వచ్చినాయన, వయసులో నాకంటే బాగా చిన్న. మడత నలగని తెల్లచొక్కా, చేతిలో మిఠాయి పెట్టె. నేను ఆ సంఘం గడప తొక్కి చాలా ఏళ్లయింది కాబట్టి ఆయన ముఖం నాకు తెలియదు, నా ముఖం ఆయనకు తెలియదు. వందనాలు చెప్పి కూర్చుని, టీ వచ్చేదాకా వానల గురించి మాట్లాడి, తర్వాత అసలు విషయానికి వచ్చారు. మా రోడ్డు మీదే, మా ఇల్లు దాటాక కొంచెం దూరంలో సంఘంవాళ్లు కొత్త మందిరం కట్టారు. ప్రతిష్ఠ రోజున పాత తరం తల్లులను తలుచుకోవాలని అనుకున్నారట. అందులో మొదటి పేరు మా అమ్మది. ఆమె ఫోటో పెద్దది చేయించి గోడకు పెడతారు. కింద ‘ప్రభు బల్లకు ద్రాక్షరసం కాచి ఇచ్చిన తల్లి’ అని రాయిస్తారు. నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతారు. నేను చేయవలసిందల్లా ఒక మంచి ఫోటో వెతికి ఇవ్వడం.

"అమ్మ పేరు ఎవరు చెప్పారు మీకు?" అని అడిగాను.

"జ్ఞానప్రకాశంగారే చెప్పారండీ. ఇప్పుడాయనకు చూపు బాగా తగ్గింది, ఒకరు పట్టుకోకపోతే నడవలేరు కూడా. అయినా కమిటీలో ఆయన మాటే మాట. సారమ్మగారి పేరు ముందుండాలి అన్నారు."

చేతిలో ఉన్న టీ కప్పును జాగ్రత్తగా కింద పెట్టాను. ఆలోచించి చెబుతానన్నాను. నా పనే అది. ఎవరైనా ఇల్లు కట్టుకుంటామని నక్షా తెచ్చి ఇస్తే, ఎంత ఇటుక పడుతుంది, ఎంత ఇనుము, ఎంత ఇసుక అని ముందే లెక్క వేసి చెబుతాను. మందిర్ హసౌద్ దాటి కొత్త రాజధాని లేస్తున్న రోజుల్లో మేస్త్రీల వెంట తిరిగి, పాడైన లెక్కలు చూసి చూసి నేర్చుకున్న విద్య. దానికి కాలేజీ లేదు, గురువు లేడు. ఆలోచించకుండా నేను ఏ అంకే చెప్పను. పాస్టరుగారు వెళ్లాక మిఠాయి పెట్టె బల్లమీద అలాగే ఉంది. దాన్ని చూస్తూ కూర్చుంటే, ఎన్నో ఏళ్ల కిందటి శనివారం వాసన ముక్కుకు తగిలింది. నల్ల ఎండుద్రాక్ష నీళ్లలో ఉడికే వాసన. మొదట చింతపండు పులుసులా ఉంటుంది, కాసేపటికి బెల్లప్పాకంలా మారుతుంది, పొయ్యి మీంచి దించేవేళకు రెండూ కాని ఇంకేదో అవుతుంది. ఆ మూడో వాసనకు నాకు ఈనాటికీ పేరు దొరకలేదు.

అప్పుడు మేము రైల్వే కాలనీలో ఉండేవాళ్లం. రాయపూర్ రాజధానిగా కొత్త రాష్ట్రం ఏర్పడిన కాలం. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు, పార్వతీపురం వైపునుంచి వచ్చినవాడు. కాలనీలో తెలుగువాళ్లందరూ అటువాళ్లే, దాదాపు అందరూ హిందువులే. నాన్న కూడా హిందువే. అమ్మ మాత్రం చిన్నప్పుడే తన మేనత్త దగ్గర ప్రభువు మాట విని, పెళ్లయ్యాక రాయపూర్‌లో బాప్తిస్మం తీసుకుంది. పుట్టుపేరు అప్పలనరసమ్మ, సంఘం పెట్టిన పేరు సారమ్మ. ఇంట్లో గొడవలేమీ లేవు. ఒక గోడకు నాన్న పైడితల్లి అమ్మవారి పటం, ఎదురుగోడకు అమ్మ సిలువ. మధ్యలో రైల్వే క్యాలెండరు. "ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటన్నారు, ఆళ్లకి లేని పేచీ మనకెందుకు" అనేవాడు నాన్న.

క్రైస్తవులు కాని పాఠకులకు ఒక మాట చెప్పాలి. నెలలో మొదటి ఆదివారం మందిరంలో బల్ల ఇస్తారు. పులియని రొట్టె ముక్క ఒకటి, చిన్న గాజు గిన్నెలో గుక్కెడు ద్రాక్షరసం. ప్రభువు మరణాన్ని తలుచుకుంటూ తీసుకుంటారు. బాప్తిస్మం ఉన్నవాళ్లకే ఇస్తారు. ఎవరైనా తప్పు చేశారని పెద్దలు తేలిస్తే వాళ్లకు బల్ల ఆపుతారు. ఊరికే మానేసినట్టు కాదది. అందరితోపాటు వచ్చి కూర్చుంటారు, అందరికీ పళ్లెం అందుతుంది, వాళ్ల ముందునుంచి మాత్రం జరిగిపోతుంది.

ఆ బల్లకు రొట్టె కాల్చేది, రసం కాచేది మా అమ్మ. సంఘం తరఫున ఎండుద్రాక్ష వచ్చేది. శుక్రవారం నానబెట్టి శనివారం ఉడకబెట్టేది. ఒక గ్లాసు ద్రాక్షకు మూడు గ్లాసుల నీళ్లు. మూడు రెండయ్యేదాకా సన్నసెగ. తర్వాత పాత మల్లుగుడ్డలో వేసి పిండడం. నా లెక్కలు మొదలైంది ఆ పొయ్యి దగ్గరే. "ఈ నెల ఎంతమంది వస్తార్రా?" అని అడిగేది అమ్మ. జీతాల వారం కలిసొస్తే జనం ఎక్కువ, వాన ముసురు పట్టిందంటే తక్కువ, ఎవరింట్లోనైనా పెళ్లి ఉంటే చుట్టాలు కలుస్తారు. ఇవన్నీ చూసి ఒక అంకె చెప్పేవాణ్ని. మరునాడు బల్లయ్యాక సీసాలో చుక్క మిగలకపోతే అమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసి కనుబొమ్మలెగరేసేది. ఈనాడు నాలుగంతస్తుల భవనానికి ఇనుము లెక్క సరిపోయినా ఆ సంతోషం రాదు.

అమ్మ ప్రార్థన చేస్తుందని నాకు చాలాకాలం తెలియలేదు. ఎవరితోనో మాట్లాడుతుందనుకునేవాణ్ని. పప్పు ఉడక్కపోతే "సూడు ప్రభువా, మళ్లీ ముదురు పప్పే ఇచ్చినాడు కొట్టోడు" అనేది. నాన్న డ్యూటీ నుంచి రావడం ఆలస్యమైతే "నువ్వు సూస్తన్నావు గదా, నాకెందుకు కంగారు" అని, మళ్లీ తనే, "అయినా ఉంటది లే" అనేది. మందిరంలో పెద్దలు కళ్లు మూసుకుని చేసే పొడుగు ప్రార్థనలకూ దీనికీ సంబంధం ఉందని నాకు తోచేది కాదు. వాళ్లు దరఖాస్తు చదువుతున్నట్టుండేది. ఈమె పక్కింటివాళ్లతో గోడమీదుగా మాట్లాడినట్టుండేది.

నిజంగా గోడమీదుగా మాట్లాడే పక్కింటావిడ ఒకరుండేది. పైడమ్మ పెద్దమ్మ. పట్టాల మీద పనిచేసిన గ్యాంగ్‌మన్ భార్య, ఆయన పోయాక కొడుకూ కోడలి దగ్గర ఉండేది. అమ్మ ఆమెను అప్పా అని పిలిచేది. ఆమెకు గొంతులో ఏదో జబ్బు చేసింది. ముద్ద దిగదు. గంజి కూడా తడుపుకుంటూ మింగేది. వరండాలో నులకమంచం వేసుకుని పడుకుంటే మా వంటింటి వాసనలన్నీ ఆమెకే తగిలేవి. ఒక శనివారం నేను గుడ్డ పట్టుకుని ఉండగా గోడవతల నుంచి పిలిచింది.

"నర్సమ్మా, అదేటే, ఆ వాసనకి నా నోరూరిపోతంది."

"బల్లకి కాస్తన్నానప్పా. ప్రభువు రసం."

"మీ దేవుడు తాగుతాడేటి?"

"ఆయన తాగడప్పా. ఆయన ఇస్తే మేం తాగుతాం."

"ఓలమ్మ, ఎదురు ఇచ్చే దేవుడా? మావోళ్లయితే అన్నీ పట్రమ్మంటారు." కాసేపు ఊపిరి తీసుకుంది. "అయితే నాకూ ఇమ్మను. నన్ను తోసీడు గదా."

అమ్మ కదలకుండా నిలబడింది. చేతులు మోచేతులదాకా నల్లగా ఉన్నాయి. కళ్లు మూసుకుంది. నేనెప్పుడూ ఆమెను వంటింట్లో మాట లేకుండా అంతసేపు చూడలేదు. తర్వాత మరునాటికి కాల్చి పెట్టిన రొట్టెలో చిన్న ముక్క తుంచి, గిన్నెలో రసం పోసి, ముక్కను అందులో నానబెట్టి, గోడ చుట్టూ నడిచి వెళ్లి పైడమ్మ పెద్దమ్మ నోట్లో పెట్టింది. పెద్దమ్మ మింగింది. దగ్గు రాలేదు. "సల్లగుందే" అంది. అంతే జరిగింది. ఆకాశం తెరుచుకోలేదు.

ఆసుపత్రి మందు వల్లనో, ఆ రసం వల్లనో, జబ్బులోనే అలా మధ్యలో తెరిపి ఉంటుందో గానీ, కొన్నాళ్లు పెద్దమ్మకు గంజి సులువుగా దిగింది. ఆమె పుట్టి పెరిగిన పద్ధతిలో తీర్థం పుచ్చుకుని మేలు పొందినవాళ్లు ఊరుకోకూడదు. ఎదురు మొక్కు చెల్లించాలి. తను లేవలేదు కాబట్టి కోడలికి చెప్పింది. మరుసటి నెల బల్ల ఆదివారం, పాట సగంలో ఉండగా ఆ కోడలు తలస్నానం చేసి, పసుపు చీర కట్టుకుని, పళ్లెంలో అరటిపళ్లు, కొబ్బరికాయ పెట్టుకుని వచ్చింది. లోపలికి రావాలో వద్దో తెలియక గుమ్మం దగ్గర నిలబడి దండం పెట్టి, మెట్టు మీద టపీమని కాయ కొట్టింది. నీళ్లు ఎగిరి బయట వరసగా విప్పిన చెప్పుల మీద పడ్డాయి. అందులో జ్ఞానప్రకాశంగారి నల్లబూట్లు కూడా ఉన్నాయి. పాట ఆగిపోయింది. ఆమెకు మాత్రం ఏ తప్పూ కనబడలేదు. "మా అత్త మీ తీర్థం పుచ్చుకుంది గదండీ, నర్సమ్మగారు ఇచ్చేరు. మొక్కు సెల్లించమంది" అని, చిప్పలు గుమ్మంలో పెట్టి, ఇంకోసారి దండం పెట్టి వెళ్లిపోయింది. అమ్మ లేచి వెళ్లి చిప్పలు ఏరుకుని కొంగులో వేసుకుంది. నేలమీద వదిలేయడానికి ఆమెకు మనసొప్పలేదు.

ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చున్నారు. పాస్టరు అప్పట్లో మా సంఘానికి నెలకోసారి వచ్చి బల్ల ఇచ్చి వెళ్లిపోయేవాడు. మిగతాదంతా జ్ఞానప్రకాశంగారే. రైల్వే ఆఫీసులో సూపరింటెండెంటు, కోస్తా మనిషి, తప్పుల్లేని తెలుగు. అమ్మ కొంగులో కొబ్బరిచిప్పలతో ఆయన ముందు నిలబడింది.

"ఏమమ్మా సారమ్మా, ఆవిడ చెప్పింది నిజమేనా?"

"నిజమే అన్నగారూ."

"బాప్తిస్మం లేని మనిషికి బల్ల ఇచ్చావు. పాస్టరు లేకుండా, వంటింట్లో."

"అడిగింది అన్నగారూ. గొంతు దిగక అల్లాడతంది."

"అడిగితే ఇచ్చేయడమేనా? నువ్వెవరిని అడిగి ఇచ్చావు?"

"ఆయన్నే అడిగినాను. ఇయ్యమన్నాడు."

"ఎవరు? నీ భర్తా?"

ఎవరో నవ్వారు. అమ్మ తల అడ్డంగా ఊపింది. "కాదన్నగారూ. ప్రభువు."

"ఓహో. ప్రభువు నీతో విడిగా మాట్లాడతాడన్నమాట. అయితే ఇక ఈ కమిటీ ఎందుకమ్మా?"

అమ్మ ఆ ప్రశ్న గురించి నిజంగానే ఆలోచించింది. "అది నాకు తెల్దు అన్నగారూ" అంది. ఆమెకు వెటకారం చేతకాదు. తెలియని సంగతి తెలియదని చెప్పింది. కానీ ఆ గదిలో ఉన్నవాళ్లు అది అలా వినలేదు. తప్పయిందని సంఘం ముందు ఒప్పుకునేదాకా సారమ్మకు బల్ల ఆపుతున్నాం అని జ్ఞానప్రకాశంగారు లేచి చెప్పారు. ఇంటికి వచ్చి అమ్మ ఆ కొబ్బరితో పచ్చడి చేసింది. నాన్న రెండుసార్లు వేయించుకుని, "ఏ దేవుడిదైనా కొబ్బరి కొబ్బరే" అన్నాడు.

నేను అనుకున్నది, ఇక ఆ శనివారం పని మాకు తప్పిందని. తప్పలేదు. నెల తిరగ్గానే ఎప్పటిలాగే ఎండుద్రాక్ష పొట్లం వచ్చింది. అమ్మను తప్పించారు గానీ ఆమె చేతిని తప్పించలేదు. నా ఒళ్లు మండిపోయింది. "ఇందులో గుప్పెడు ఉప్పు పోస్తాను, ఆళ్ల మొహాలు చూద్దాం" అన్నాను. అమ్మ గరిటె ఆపి చూసింది. "ఆళ్లు నన్ను ఆపినారు. ఆయన ఆపలేదు. ఆయన పనిలో ఉప్పేస్తావేట్రా?" తర్వాత కొంచెం రసం గిన్నెలో పోసి, "ఏమండీ, తీపి సరిపోయిందో లేదో సూడండి" అని నాన్నను పిలిచింది. పెద్దలు తీసుకోవద్దన్నారు కాబట్టి రుచి చూడ్డానికి కూడా నాలుక మీద వేసుకోనని నిర్ణయించుకుంది.

"నేను తాగితే తప్పు లేదా?" అన్నాడు నాన్న.

"మీరు ముందునించీ బయటోళ్లే గదా. మీకేటి తప్పు?"

ఆనాటినుంచి తెలుగు సంఘం బల్లకు వెళ్లే ద్రాక్షరసాన్ని రుచి చూసి సరే అన్నది పైడితల్లి అమ్మవారి భక్తుడు. ఈ సంగతి సంఘంలో ఈనాటిదాకా ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలుస్తుంది.

లెక్క మాత్రం నేనే చెప్పేవాణ్ని. చెప్పిన ప్రతిసారీ అమ్మ మెల్లగా అడిగేది: "నన్ను తీసేసినావా?" తీసేశానని చెప్పేవాణ్ని. తీసేసేవాణ్ని కాదు. పళ్లెంలో చిన్న గిన్నెలు నింపేది నేనే కాబట్టి, ప్రతి బల్లకూ ఒక గిన్నె ఎక్కువ నింపేవాణ్ని. అందరికీ తిరిగి పళ్లెం వెనక్కి వచ్చేసరికి అందులో ఒకటి నిండుగా మిగిలి ఉండేది. దాన్ని చేతిలో పట్టుకుని ఏం చేయాలో తెలియక జ్ఞానప్రకాశంగారు నిలబడేవారు. పారబోయకూడదు, తిరిగి సీసాలో పోయకూడదు. ఒకసారి నన్ను పక్కకు పిలిచారు.

"ఏమిట్రా, నెలనెలా ఒకటి మిగులుతోంది? లెక్కలో మొనగాడివంటారు."

"నా లెక్క సరిగ్గానే ఉందండీ. మీదే ఒకటి తక్కువ."

ఆయనకు అర్థమైంది. ఏమీ అనకుండా ఆ గిన్నెను తనే తాగేశారు. నా తల్లి వాటా ఆయన గొంతులోకి దిగడం నేను దగ్గరగా చూశాను. గుటక పడిన చోటు కూడా గుర్తుంది. ఆ తర్వాత పైడమ్మ పెద్దమ్మ పోయింది. కాలనీలో ఉన్న వాళ్లలో సగంమంది రిటైరై వెళ్లిపోయారు. అమ్మ చివరి చాప మీద, బాప్తిస్మం కాని పిల్లల మధ్య కూర్చుంటూనే ఉంది. ఒప్పుకోలేదు, మానలేదు.

తర్వాత అమ్మకు కడుపులో జబ్బు వచ్చింది. ఆరంగ్ వైపు ఒక సైటులో పని చేస్తూ రోజూ బస్సులో తిరిగేవాణ్ని. వేసవికి ఆమె మంచం దిగలేకపోయింది. ఆ నెల ద్రాక్ష నేనే ఉడకబెట్టాను. మంచంలోంచే వాసన చూసి "ఇంకా అవలేదు, ఇంకా అవలేదు, ఆ, దించు" అని చెప్పింది. సాయంత్రం జ్ఞానప్రకాశంగారు వచ్చారు. బత్తాయిలు తెచ్చారు. మంచం పక్కన కుర్చీ వేసుకుని ఆరోగ్యం అడిగారు. అమ్మ అడిగింది.

"అన్నగారూ, ఈసారి బల్ల నాకు పంపిస్తారా?"

ఆయన కరుణ లేని మనిషని నేను అబద్ధం రాయను. ఆయన గొంతు నిజంగానే మెత్తబడింది. "ఒక్క మాట చెప్పమ్మా సారమ్మా. తప్పయింది అను చాలు. రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే నా చేత్తో ఇస్తాను."

అమ్మ పైకి, ఇంటికప్పు వైపు చూసింది. ఎవరిని అడుగుతోందో నాకు తెలుసు. "అబద్ధమాడి ఆయన బల్లకి ఎలగ వస్తాను అన్నగారూ?" అంది.

ఆయన లేచి నిలబడి ప్రార్థన చేశారు. స్వస్థత గురించి, సంఘం గురించి, దేశం గురించి కూడా. ఆమేన్ అయ్యాక వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చి, "సీసా సిద్ధమేనా?" అని అడిగారు. ఆయన వచ్చింది దానికి కూడా. నేను ఇవ్వలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను. "ఇయ్యరా" అంది అమ్మ మంచంలోంచి. ఆయనే గట్టుమీద నుంచి సీసా తీసుకుని, జేబురుమాలుతో తుడుచుకుని వెళ్లారు. ఆ ఇంట్లో ఉడికిన రసం ఆమె మంచం పక్కనుంచే గుమ్మం దాటింది. ఇప్పటికీ నా కోపానికి కొలత వేయమంటే, ఆ మంచానికీ ఆ గుమ్మానికీ మధ్య దూరం చెబుతాను. నాలుగు అడుగులు కూడా లేదు.

కుర్చీలో కూర్చుని ఇదంతా చూసిన నాన్న లేచి వంటింట్లోకి వెళ్లాడు. పిండేసిన గుడ్డలో పిప్పి ఉంది. దానిమీద గోరువెచ్చని నీళ్లు పోసి మళ్లీ పిండాడు. ఫిట్టరు చేతులు, ఆ గుడ్డలో ఇంకేమీ మిగల్లేదు. పలచటి ఎర్రనీళ్లు స్టీలు గ్లాసులో పోసి, పొద్దుటి చపాతీ ముక్క తెచ్చి మంచం మీద కూర్చున్నాడు. "మాటలు నాకు రావు. మీవోడు ఇచ్చేడనుకుని పుచ్చుకో" అన్నాడు. అమ్మ నన్ను ప్రార్థన చేయమంది. నేను గ్లాసు వైపే చూస్తూ నిలబడ్డాను. తనే చేసింది. రొట్టె కోసం స్తోత్రం చెప్పింది, నాన్న కోసం చెప్పింది, తర్వాత జ్ఞానప్రకాశం అన్నగారిని ప్రేమతో చూడమని, ఆయన మనసులో బరువు తీసేయమని అడిగింది. అక్కడే మా ఇద్దరి దారులూ వేరయ్యాయి. ఆమె క్షమించింది. అది ఆమె ఖాతా. నేను అందులో వేలిముద్ర వేయలేదు.

అంత్యక్రియలు సంఘమే ఘనంగా చేసింది. చనిపోయినవాళ్లకు నియమాలేమీ అడ్డురావు. నమ్మకమైన దాసురాలు అని జ్ఞానప్రకాశంగారే వాక్యం చెప్పారు. నేను సమాధి గుంట కొలతలు చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత మళ్లీ మందిరానికి వెళ్లలేదు. అమ్మ మాట్లాడే ఆ ప్రభువుతో మాత్రం మాటలు మానలేదు. సైటులో కాంక్రీటు పోసేముందు, బస్సు కోసం నిలబడ్డప్పుడు ఏదో ఒకటి అంటూనే ఉంటాను. ఆయన క్షమించమంటాడు. నేను మాట మారుస్తాను. ఈ పేచీ మా ఇద్దరిదీ, ఇందులోకి కమిటీని రానివ్వం.

ఇప్పుడు అన్నీ మారాయట. పాస్టరుగారే చెప్పారు. బల్లకు రసం మూతపెట్టిన చిన్న ప్లాస్టిక్ గిన్నెల్లో బయటినుంచి వస్తుంది. మంచంలో ఉన్నవాళ్లకు ఇంటికే తీసుకెళ్లి ఇస్తారు. జ్ఞానప్రకాశంగారికి కూడా నెలనెలా అలాగే ఇస్తున్నారట. ఎవరూ ఆయన్ని ఏ మాటా ఒప్పుకోమని అడగరు. వినడానికి మంచి మార్పే. ఆ మంచి మా అమ్మ మంచందాకా రాలేకపోయింది, అంతే తేడా.

రెండు రోజులు ఆలోచించి పాస్టరుగారికి ఫోన్ చేశాను. ఫోటో ఇస్తాను, కింద రాసే మాటలు నావి అని చెప్పి, చదివి వినిపించాను.

"అలా ఎలా రాస్తామండీ? పండుగ రోజు. పెద్దాయన బతికుండగా."

"బతికుండగానే కావాలండీ."

"కమిటీ ఒప్పుకోదు."

"నాకు తెలుసు. అమ్మ ఒకసారి అడిగి చూసింది."

ఫోటో ఇవ్వలేదు. మరునాడు రాయిపని చేసేవాడి దగ్గరకు వెళ్లాను. నల్లరాయి పలక కొలత చూసుకుని, అక్షరం ఎత్తు, వరసకూ వరసకూ మధ్య ఖాళీ, అన్నీ కాగితం మీద గీసి ఇచ్చాను. అతనికి తెలుగు రాదు. నా గీతల్ని బట్టి బొమ్మల్లా చెక్కాడు. "యే కా లిఖే హే భైయా? మంత్ర హే కా?" అని, ఇదేమన్నా మంత్రమా అన్నట్టు అడిగాడు. మా అమ్మ పేరు అన్నాను. అయిపోయాక భక్తిగా కుంకుమ బొట్టు పెట్టి ఇచ్చాడు. దాన్ని మా గేటు స్తంభానికి, రోడ్డు వైపు బిగించాను. మోవాలో మా వీధిలో తెలుగు చదవగలిగేవాళ్లు లేరు. పాలవాడు రోజూ దానికి దండం పెట్టుకుని వెళతాడు. చదవగలిగేవాళ్లు ఆదివారం ఆదివారం అటుగా మందిరానికి వెళ్లేవాళ్లు మాత్రమే. నేను రాయించింది వాళ్ల కోసమే.

ప్రతిష్ఠ రోజున బళ్లన్నీ మా గేటు ముందునుంచే వెళ్లాయి. కొన్ని నెమ్మదించాయి, మళ్లీ కదిలాయి. మధ్యాహ్నం తిరుగు దారిలో ఒక కారు ఆగింది. డ్రైవరు దిగివచ్చి, సాహెబ్ పిలుస్తున్నారు అన్నాడు. వెనక సీట్లో జ్ఞానప్రకాశంగారు. తలలో కాసిని తెల్లవెంట్రుకలు, ఒళ్లో చేతికర్ర.

"నువ్వేనా?"

"నేనేనండీ."

"గేటు మీద ఏదో రాయించావట. ఎవరూ చదివి పెట్టడం లేదు. పాస్టరునడిగితే దాటేస్తున్నాడు. నువ్వే చదువు."

కారు కిటికీ దగ్గర నిలబడి చదివాను. "ఈ ఇంటి సారమ్మ, పుట్టుపేరు అప్పలనరసమ్మ, ప్రభు బల్లకు ద్రాక్షరసం కాచింది. దిగని గొంతుతో పొరుగింటి మనిషి అడిగితే అందులోది ఒక గుక్క ఇచ్చింది. అందుకు సంఘం ఆమెకు బల్ల ఆపింది. చనిపోయేదాకా తిరిగి ఇవ్వలేదు. ఆపిన సంఘపెద్ద జ్ఞానప్రకాశం."

"ఇంకోసారి" అన్నారు.

ఇంకోసారి చదివాను. వేగం మార్చలేదు. ఆయన పేరు దగ్గర గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"లోతుగా చెక్కించావా?"

"లోతుగానే అండీ."

కర్ర మీద వేళ్లు కదిలాయి. "చివర్న ఒక్క మాట చేర్చు నాయనా. తర్వాత ఆ పెద్దకు తన తప్పు తెలిసిందని. అంత చాలు. నేను పోయేలోగా."

రాయి వైపు చూశాను. చివరి వరస కింద జానెడు ఖాళీ ఉంది. నున్నగా, నల్లగా, ఎండలో మెరుస్తోంది. ఆయనకు కనబడదు.

"చోటు లేదండీ" అన్నాను.

ఆయన తలూపి, డ్రైవరును పోనిమ్మన్నారు. సాయంత్రం గేటు వేస్తుంటే అమ్మ ఎవరితో మాట్లాడేదో ఆయన నన్ను ఒకటే అడిగాడు, రాయి మీద చోటు ఎంత ఉంది అని. ఆయన దగ్గర నేనెప్పుడూ తప్పు కొలత చెప్పలేదు. జానెడు అని చెప్పాను. గేటు వేసి లోపలికి వచ్చేశాను.